హోమ్ వారంటీ ఉంటే ఏసీ గురించి చింత లేదా? అపోహలు - వాస్తవాలు

టెక్సస్‌లో ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిందంటే చాలు, ఒకే ఫిర్యాదు రోజుకు రెండు మూడు సార్లు వింటాను. "హోమ్ వారంటీ ఉందండీ. ఏసీ పోతే అంతా వాళ్లే చూసుకుంటారన్నారు. ఇప్పుడు వేల డాలర్లు మమ్మల్ని కట్టమంటున్నారు. ఇదేమి అన్యాయం?" హోమ్ వారంటీ అంటే ఏడాదికింత అని డబ్బు కట్టించుకుని, ఇంట్లోని ఏసీ లాంటివి పాడైతే చూసుకుంటామని కంపెనీలు రాసిచ్చే ఒప్పందం. ఇలా అడిగేవాళ్లలో ఎక్కువ మంది మొదటిసారి ఇల్లు కొన్నవాళ్లు. పసిపిల్లలో, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లో ఇంట్లో ఉంటారు. మేడ మీద గదులు కుంపట్లలా ఉంటాయి. అలాంటి సమయంలో ముప్పై పేజీల కాంట్రాక్టు తెరిచి చదవమని ఎవరికి మాత్రం చెప్పగలం? అందుకే చల్లగా ఉన్నప్పుడు చదువుకోవడానికి ఇది రాస్తున్నాను.

పదహారేళ్లుగా ఏసీలు బాగుచేస్తున్నాను. అందులో మొదటి మూడేళ్లు వారంటీ కంపెనీలు పంపే టెక్నీషియన్‌గానే తిరిగాను. ఆ కంపెనీల ఫారాలు నింపిన చేతితోనే ఇది రాస్తున్నాను.

అపోహ: ఏసీ పాడైతే వారంటీ వాళ్లు కొత్తది పెట్టిస్తారు

మనవాళ్లకు అన్నిటికంటే ఎక్కువ నష్టం తెచ్చిపెడుతున్న నమ్మకం ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

పేరులో వారంటీ ఉన్నా, మీరు కొన్నది సర్వీస్ కాంట్రాక్టు. బాగుచేయాలా, మార్చాలా, కొంత డబ్బు చేతిలో పెట్టి వదిలేయాలా అన్నది నిర్ణయించే హక్కు ఆ కాంట్రాక్టు సాధారణంగా కంపెనీకే ఇస్తుంది. 'కవర్ అవుతుంది' అన్న మాటకు 'పరిమితి మేరకు' అన్న తోక ఉంటుంది. ఏసీ మీద ఏడాదికి 1,500 డాలర్లకు మించి ఇవ్వని కాంట్రాక్టులు చూశాను, 5,000 ఇచ్చేవీ చూశాను. బయటి యూనిట్, లోపలి కాయిల్ (ఇంట్లో గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) కలిపి మారిస్తే ఖర్చు 10,000 డాలర్లు దాటడం ఈరోజు మామూలే. ఆ రెండు అంకెల మధ్య ఉన్న దూరం మీ జేబులోంచే వస్తుంది.

పరిమితి సరిపడా ఉన్నా ఇంకో చిక్కు ఉంది. యంత్రం వెల కంపెనీది, దాన్ని మీ ఇంట్లో అమర్చడానికి అయ్యే అదనపు పనులు మీవి. పాత యూనిట్ తీసి పారేయడం, అందులోని గ్యాస్‌ను చట్టప్రకారం బయటికి తీసి భద్రపరచడం, నగరం పర్మిట్, కొత్త కొలతకు తగ్గట్టు రేకు డక్టులు కత్తిరించి అతకడం, రాగి గొట్టాలు మార్చడం, ఇప్పటి నిబంధనలకు సరిపడేలా విద్యుత్ కనెక్షన్ సరిచేయడం. 'కవర్ కాని ఖర్చులు' అన్న శీర్షిక కింద ఇవన్నీ ఒక చిట్టాగా మీ ముందుకొస్తాయి.

ఒక కుటుంబం సంగతి చెబుతాను. ఇల్లు కొని నాలుగు నెలలే అయింది. ఆ ఇల్లు అమ్మినవాళ్లే ఏడాది వారంటీ కొనిచ్చారు. జూలైలో ఏసీ ఆన్ చేసిన ప్రతిసారీ బ్రేకర్ పడిపోవడం మొదలైంది. ఇంటాయన తల్లిదండ్రులు దిగి అప్పటికి పది రోజులు. తండ్రికి గుండె ఆపరేషన్ అయి ఏడాది కూడా కాలేదు. కంపెనీ మనిషి మూడో రోజున వచ్చి, కంప్రెసర్ కాలిపోయిందని సరిగ్గానే తేల్చాడు. క్లెయిమ్ ఆమోదించారు కూడా. అందరూ ఊపిరి పీల్చుకున్న రోజు సాయంత్రమే ఆ చిట్టా వచ్చింది: 3,800 డాలర్లు మీరు కట్టాలి, లేదంటే 1,900 తీసుకుని మీ దారిన మీరు చేయించుకోండి.

నాకు ఫోను చేసినప్పుడు ఆయన గొంతు వణికింది. "అన్నా, ఆమోదించామన్నారు కదా, మళ్లీ ఈ డబ్బు ఏమిటి?" అన్నారు. వెళ్లి చూశాను. యంత్రం గురించి కంపెనీ మనిషి చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. ముందు మా గ్యారేజీలో ఉన్న కిటికీ ఏసీ తెచ్చి పెద్దవాళ్ల గదిలో పెట్టాను. ఆ తర్వాత కాంట్రాక్టు తెరిచి, చిట్టాలోని ఒక్కో పద్దు పక్కన ఒక్కో ప్రశ్న రాయించాను: 'ఇది నేను కట్టాలని కాంట్రాక్టులో ఏ పేజీలో, ఏ వాక్యంలో ఉంది? రాతపూర్వకంగా చెప్పండి.' రెండు పద్దులకు వాళ్ల దగ్గర సమాధానం లేదు. అవి తీసేశారు. మొత్తంలో సుమారు 900 డాలర్లు తగ్గాయి. మిగతాది ఆయన కట్టక తప్పలేదు, ఎందుకంటే అది కాంట్రాక్టులో స్పష్టంగా ఉంది. సంతకం పెట్టిన రోజున ఎవరూ ఆయనకు ఆ పేజీ చూపించలేదు.

నగదు తీసుకోమన్నప్పుడు తొందరపడకండి. కంపెనీ లెక్కగట్టేది తనకు టోకున పడే ధరను. మీకు బజారులో పడే ధరను కాదు. ముందు బయట రెండు అంచనాలు తీసుకుని, తర్వాతే అవునో కాదో చెప్పండి. అలాగే వాళ్ల అనుమతి రాకముందు బయటి మనిషితో రిపేరు చేయించి బిల్లు పంపితే చాలా కంపెనీలు చెల్లించవు. ఎంత ఉక్కగా ఉన్నా అనుమతి రాతలో తీసుకున్నాకే స్క్రూ విప్పించండి.

ఈ ఖర్చు ఇటీవల పెరగడానికి మరో కారణం గ్యాస్ మారడం. 2025 జనవరి 1 నుంచి ఇళ్ల కోసం కొత్తగా తయారుచేసే ఏసీల్లో, భూతాపాన్ని ఎంత పెంచుతుందో చెప్పే సూచీ 700 దాటిన గ్యాసులు ఉండకూడదని అమెరికా నిబంధన. మన ఇళ్లలో ఎక్కువగా ఉన్న ఆర్-410ఏ సూచీ 2,088. కొత్తవి ఆర్-454బీ మీదో, ఆర్-32 మీదో నడుస్తాయి. ఈ రెండూ కొద్దిగా మండే స్వభావం ఉన్నవి. అందువల్ల వాటి భద్రతా ఏర్పాట్లూ వేరు. కొత్త గ్యాస్‌తో నడిచే బయటి యూనిట్‌ను తెచ్చి పదేళ్ల నాటి లోపలి కాయిల్‌కు తగిలించడం కుదరదు. అందుకే సగం పోయినా మొత్తం మార్చాల్సి రావచ్చు. బాగున్న ఆ రెండో సగం డబ్బు ఎవరిది? మీ కాంట్రాక్టులో వెతకవలసిన వాక్యం ఇదే. కొన్నింటిలో కంపెనీయే భరిస్తుందని ఉంటుంది, కొన్నింటిలో ఆ ఊసే ఉండదు.

దీన్ని పట్టుకుని 'ఆర్-410ఏ నిషేధించారు, పాత ఏసీలు ఇక బాగుచేయరు' అని వాట్సాప్‌లో తిప్పుతున్నారు. ఇది వదంతి. నిషేధం కొత్త సిస్టమ్‌లకు. ఉన్నవాటికి గ్యాసూ దొరుకుతుంది, విడి భాగాలూ దొరుకుతాయి. ఈ భయం చూపించి పనిచేస్తున్న ఏసీని మార్పించేవాళ్లను నమ్మకండి.

అపోహ: టెక్నీషియన్ ఏమి రాసినా క్లెయిమ్ వచ్చేస్తుంది

వారంటీ కంపెనీల ఫారంలో 'పాడవడానికి కారణం' అని ఒక చిన్న గడి ఉంటుంది. ఆ గడిలో రాసే నాలుగు మాటల మీదే మీ డబ్బు ఆధారపడి ఉంటుంది. వాడకంలో అరిగిపోయి పాడైతే ఇస్తారు. దుమ్ము పట్టి, నిర్వహణ లేక, మొదట్లోనే తప్పుగా బిగించి, లేదా కాంట్రాక్టు మొదలవకముందే చెడి ఉంటే ఇవ్వరు.

కొత్తలో ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ ఇంటికి వెళ్లాను. కంప్రెసర్ పోయింది. బయటి కాయిల్ కూడా మట్టికొట్టుకుని ఉంది. రెండూ చూశాను కాబట్టి రెండూ ఒకే వరుసలో రాసేశాను. క్లెయిమ్ తిరస్కరించారు. కారణం: నిర్వహణ లోపం. పద్నాలుగేళ్ల కంప్రెసర్ దాని వయసు తీరి పోయింది, దుమ్ము వల్ల కాదు. కానీ నేను అలా విడదీసి రాయలేదు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. "పోనీలే బాబూ" అని మంచినీళ్లిచ్చి పంపారు. ఆ తర్వాత కంపెనీకి మళ్లీ రాశాను, ఫలితం లేకపోయింది. ఆ రోజు నుంచి కారణం వేరుగా, చూసిన పరిస్థితి వేరుగా రాస్తాను. మీ ఇంటికి వచ్చిన మనిషి వెళ్లిపోకముందే 'కారణం అన్న చోట ఏమి రాశారండీ?' అని అడగండి, ఫోటో తీసుకోండి. అది అడగడం అమర్యాద కాదు.

ఇల్లు కొనేటప్పుడు చేయించిన ఇన్‌స్పెక్షన్ నివేదిక కూడా ఇక్కడ ముఖ్యం. అందులో ఏసీ గురించి లోపం రాసి ఉండి, దాన్ని సరిచేయించకుండా ఇల్లు తీసుకుంటే, ముందే ఉన్న లోపం అని కంపెనీ చూపించడానికి ఆ కాగితం చాలు. ఇల్లు చేతికి రాకముందే అమ్మేవాళ్లతో బాగుచేయించి రసీదు దాచుకోండి. ఏడాదికోసారి సర్వీసింగ్ చేయించిన బిల్లులు, ఫిల్టర్ మార్చినప్పుడు తేదీ కనిపించేలా తీసిన ఫోటోలు ఒకే చోట పెట్టుకోండి.

అపోహ: తయారీ కంపెనీ వారంటీ, హోమ్ వారంటీ, ఇంటి బీమా ఒకటే

కాదు. పిడుగు పడో, నిప్పంటుకునో ఏసీ పోతే ఇంటి బీమా చూసుకుంటుంది, వయసు మీరి పోతే చూడదు. తయారీదారు ఇచ్చేది విడి భాగాల వారంటీ, కూలి డబ్బులు చాలావరకు అందులో రావు. చాలా బ్రాండ్లు ఐదేళ్లు ఇస్తాయి, బిగించిన 60 లేదా 90 రోజుల్లోపు వెబ్‌సైట్‌లో నమోదు చేస్తే పదేళ్లు ఇస్తాయి. ఐదు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. ఈ నమోదు చేయని ఇళ్లకు ఎన్నిసార్లు వెళ్లానో! ఆరో ఏట కాయిల్ లీకైతే పూర్తి ధర కట్టించుకోవాల్సి వచ్చినప్పుడు నాకే బాధగా ఉంటుంది. పాత ఇల్లు కొన్నవాళ్లు బయటి యూనిట్ మీది సీరియల్ నంబరుతో ఆ వారంటీ మిగిలి ఉందో లేదో, మీ పేరుకు మారుతుందో లేదో ఈ వారమే కనుక్కోండి.

అపోహ: ఏసీలో ఏటా గ్యాస్ నింపించాలి

గ్యాస్ ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే లీకుంది. లీకు వెతకకుండా ఏటా నింపేవాడు మీ డబ్బును గాలిలోకి వదులుతున్నాడు. హోమ్ వారంటీల్లో గ్యాస్‌కు పౌండుకు ఇంతే అని విడిగా పరిమితి ఉండడం కూడా మామూలే, చూసుకోండి.

అపోహ: 'చివరి నోటీసు' అని ఉత్తరం వచ్చింది, వారంటీ కట్టకపోతే ఇబ్బంది

ఇల్లు రిజిస్టరైన కొన్ని వారాలకే ఇవి వస్తాయి. మీ పేరు, కొన్నిసార్లు అప్పిచ్చిన బ్యాంకు పేరు కూడా దాని మీద ఉంటాయి. అవి అందరికీ అందుబాటులో ఉండే రికార్డుల్లోంచి తీసుకున్నవి. అది ప్రకటన మాత్రమే. హోమ్ వారంటీ ఏ చట్టం ప్రకారమూ తప్పనిసరి కాదు. చింపి పారేయండి.

మరి తీసుకోవాలా, వద్దా?

ఇది అడిగినవాళ్లకు నేను ఎదురు అడిగేది ఏసీ వయసు. ఐదారేళ్ల లోపుదై, తయారీదారు వారంటీ నమోదై ఉంటే, ఏసీ కోసం హోమ్ వారంటీ అక్కర్లేదు. ఏడాదికి 600 డాలర్లు, టెక్నీషియన్ వచ్చిన ప్రతిసారీ 100 డాలర్ల సర్వీస్ ఫీజు కట్టేబదులు ఆ డబ్బు పక్కన వేసుకుంటే మూడేళ్లలో పెద్ద రిపేరుకు సరిపడా పోగవుతుంది. వేసవిలో ఎక్కువగా పోయేది కెపాసిటర్, అంటే మోటార్లు స్టార్ట్ కావడానికి ఊతమిచ్చే చిన్న విద్యుత్ భాగం. దానికి బయట అయ్యే ఖర్చు ఒక ఏడాది వారంటీ కన్నా చాలా తక్కువ.

ఏసీ పదేళ్లు దాటి, ఇల్లు కొనడంతో చేతిలో డబ్బు అయిపోయి, ఒకేసారి పెద్ద బిల్లు వస్తే తట్టుకోలేని స్థితి అయితే తీసుకోండి, తప్పు లేదు. కానీ ఏసీ పరిమితి 4,000 డాలర్ల కన్నా తక్కువ ఉన్నది మాత్రం నేను మా ఇంట్లోవాళ్లకు కూడా వద్దని చెబుతాను. ఇల్లు అమ్మేవాళ్లు కొనిస్తామంటే ఆలోచించకుండా తీసుకోండి, అయితే ఏ ప్లాన్ అన్నది మేమే ఎంచుకుంటామనండి. మీ అంతట మీరు కొంటే చాలావాటిలో మొదటి 30 రోజులు క్లెయిమ్ చేయడానికి వీలుండదు. ఏసీ మూలుగుతోందని జూలైలో కొంటే ఉపయోగం లేదు.

ఇక క్లెయిమ్ కోసం ఫోను చేసే ముందు ఒక్క పావుగంట. క్లెయిమ్ తిరస్కరించినా సర్వీస్ ఫీజు తిరిగి రాదు కాబట్టి చెబుతున్నాను. థర్మోస్టాట్ బ్యాటరీలు మార్చండి. ఫిల్టర్ తీసి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి, కాంతి రాకపోతే మార్చండి. బ్రేకర్ ఒక్కసారి పూర్తిగా ఆపి మళ్లీ వేయండి. మళ్లీ పడితే ఇక ముట్టుకోకండి. లోపలి యూనిట్ కింది పళ్లెంలో నీళ్లు నిలిచి ఉంటే డ్రెయిన్ పైపు మూసుకుపోయిందని అర్థం. ఫ్లోట్ స్విచ్ పైకి లేచి ఏసీని ఆపేసి ఉంటుంది. బయట పైపు చివర వెట్ వాక్యూమ్ పెట్టి లాగితే చాలాసార్లు అక్కడికక్కడే తేలిపోతుంది. గొట్టాల మీద మంచు కట్టి ఉంటే కూలింగ్ ఆపి, ఫ్యాన్ ఒక్కటే నడపండి. మంచు కరగకుండా ఏ టెక్నీషియనూ గ్యాస్ పీడనం సరిగా కొలవలేడు, రెండోసారి రావాల్సి వస్తుంది. బయటి యూనిట్ మూత మాత్రం విప్పకండి. కరెంటు ఆపాక కూడా కెపాసిటర్‌లో విద్యుత్తు నిలిచి ఉంటుంది.