ఎద్దు పడిపోయింది, పూజారి మాత్రం నిలబడ్డాడు

గ్రీకు పురాణాల్లో బతికుండగానే పాతాళానికి వెళ్లొచ్చినవాళ్లకు కొదవ లేదు. భార్య కోసం ఆర్ఫియస్ వెళ్లాడు, మూడు తలల కుక్కను పట్టుకురావడానికి హెరాక్లిస్ వెళ్లాడు. మనకు నచికేతుడు ఉండనే ఉన్నాడు. నాకు ఈ కథలకంటే ఆ లోకానికి రాళ్లతో కట్టిన గుమ్మం మీదే ఆసక్తి ఎక్కువ.

అది నేటి తుర్కియేలో, పముక్కలె పక్కన, హియరాపోలిస్ శిథిలాల్లో ఉంది. పాతాళాధిపతి ప్లూటో పేరున వెలిసిన చోటు. రెండు వేల ఏళ్ల క్రితం గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో అక్కడికి వెళ్లాడు. నేల కనపడనంత దట్టంగా ఆవిరి ఉందని రాశాడు. పిచ్చుకల్ని లోపలికి విసిరితే వెంటనే చచ్చిపడ్డాయట. ఎద్దులదీ అదే గతి. సిబెలె దేవత పూజారులు మాత్రం క్షేమంగా తిరిగొచ్చేవారు. జనం దాన్ని మహిమ అనుకున్నారు. వాళ్లు ఊపిరి బిగబట్టడం స్ట్రాబో కళ్లబడింది!

ఆ గుమ్మం దొరికిందని 2013లో ఇటలీ పురావస్తు బృందం ప్రకటించింది. గుట్టు విప్పిన కొలతలు 2018లో అచ్చయ్యాయి. అక్కడ భూమి పొరల్లోని పగులు గుండా కార్బన్ డయాక్సైడ్ పైకి వస్తోంది. మామూలు గాలిలో 0.04 శాతమే ఉండే ఈ వాయువు గుహ లోపల 91 శాతం దాకా ఉంది. గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి, గట్లు కట్టిన మడిలో నీళ్లలా గుమ్మం ముందున్న ఆవరణలో నిలిచిపోతుంది. రాత్రి గాలి ఆడదు, మడి నిండుతుంది. తెల్లవారుజామున నేల నుంచి 40 సెంటీమీటర్ల ఎత్తులో కూడా ప్రాణాంతకమే. ఎండెక్కితే గాలి కదిలి, గట్టు తెగినట్టు పలచబడిపోతుంది. పూజారి తల ఆ మట్టానికి చాలా పైన ఉంటుంది. ఎద్దు ముక్కు అంత ఎత్తున ఉండదు, పైగా కళ్లు తిరిగి తల వాల్చిందంటే మునిగినట్టే.

మన ఊళ్లలో పాడుబడ్డ బావిలో దిగినవాణ్ణి 'దయ్యం లాగేసింది' అంటారు. చాలాసార్లు ఆ దయ్యం ఇలాంటి విషవాయువే. దీపం దించి చూసే అలవాటు మంచిదే కానీ చాలదు. ఈ వాయువు పది శాతం చేరినా ఆక్సిజన్ 21 నుంచి దాదాపు 19కే తగ్గుతుంది. దీపం వెలుగుతూనే ఉంటుంది. మనిషికి మాత్రం నెత్తురులో ఆమ్లం పెరిగి నిమిషాల్లో స్పృహ తప్పుతుంది.