టర్బో కారు, పావు మైలు: డబ్బు తగలేసి తెలుసుకున్న అపోహలు - వాస్తవాలు

డాలస్ నుంచి దక్షిణంగా ఓ ముప్పావుగంట వెళ్తే ఎన్నిస్ దగ్గర టెక్సస్ మోటార్‌ప్లెక్స్ వస్తుంది. బిల్లీ మేయర్ అనే రేసర్ 1986లో కట్టించిన డ్రాగ్ స్ట్రిప్ (తిన్నగా పోయే రేసు ట్రాక్) అది, పావు మైలు పొడవునా కాంక్రీటే. ఇర్వింగ్, ఫ్రిస్కో వైపు మనవాళ్లలో టర్బో కారు కొన్న ప్రతి కుర్రాడూ ఎప్పుడో ఒకసారి అక్కడికి వెళ్తాడు, వెళ్లేముందు నాకు వాట్సాప్‌లో అవే ప్రశ్నలు పంపిస్తాడు. అందుకే ఇది రాస్తున్నా. నా కారు ఫోక్స్‌వ్యాగన్ ఏడో తరం గోల్ఫ్ జీటీఐ, డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్, పవర్ ముందు చక్రాలకే. ఆఫీసుకీ అదే, గుడికీ అదే.

అపోహ: పావు మైలు టైమ్ తగ్గాలంటే ముందు పెద్ద టర్బో పెట్టించాలి.

నేనూ అదే అనుకున్నా. కంపెనీ ఇచ్చిన ఐఎస్20 టర్బో తీయించి, గోల్ఫ్ ఆర్‌లో వచ్చే పెద్ద ఐఎస్38 పెట్టించి, డైనో షీట్ (ఇంజిన్ పవర్ కొలిచిన కాగితం) ఫొటో కనబడిన వాళ్లందరికీ చూపించాను. ఆ వారమే స్ట్రిప్‌కి వెళ్తే వచ్చింది 13.31 సెకన్లు, చివర్లో వేగం గంటకు 113 మైళ్లు. పక్క లేన్‌లో ఒక గుంటూరు తమ్ముడు. అదే కారు, పాత టర్బోనే, ట్యూన్ (ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్పు) ఒక్కటే చేయించాడు, కాకపోతే ముందు చక్రాలకు డ్రాగ్ రేడియల్ టైర్లు (స్ట్రిప్ మీద బాగా పట్టే మెత్తటి టైర్లు) వేశాడు. అతనికి 12.96, వేగం 106. అంటే ముగింపు గీత దగ్గర నా కారు అతని కారు కంటే 7 మైళ్లు వేగంగా పోతోంది, అయినా ఓడిపోయింది.

పరుగయ్యాక ఇచ్చే టైమ్ స్లిప్పులు పక్కపక్కన పెట్టి చూశాం. పైనుంచి రెండో లైను మొదటి 60 అడుగులకు పట్టిన సమయం. అతనిది 1.88, నాది 2.31. మిగతా కథంతా ఆ లైనులోనే ఉంది. చివరి వేగం మీ ఇంజిన్‌లో ఎంత పవర్ ఉందో చెబుతుంది, మొత్తం సమయం దాన్ని మీరు ఎంత వాడుకున్నారో చెబుతుంది. మొదటి 60 అడుగుల్లో పదో వంతు సెకను మిగిలితే చివరికి అది సుమారు ఒకటిన్నర రెట్లు అవుతుంది. నేను టర్బోకి పోసిన డబ్బులో నాలుగో వంతు టైర్లకు పెట్టినా సరిపోయేది, ఈ మాట ఇంట్లో మాత్రం అనలేను.

ముందు చక్రాల కారుకి ఇంకో తిప్పలు కూడా ఉంది. కారు ఎగిరి దూకగానే బరువు వెనక్కి పోతుంది, నేలను పట్టుకోవాల్సిన చక్రాలు తేలికైపోతాయి. డ్రాగ్ రేడియల్ అయితే నేను ముందు 20 పీఎస్ఐ దగ్గర, వెనక మామూలు టైర్లలో 38 దగ్గర ఉంచుతా. మామూలు రోడ్డు టైర్లలో ఇంత గాలి తీసేయకండి, అంచులే ఆనుకుని మధ్యలో పట్టు పోతుంది. మొదట్లో ఉండే నీళ్ల మడుగు డ్రాగ్ టైర్లను తిప్పి వేడెక్కించడానికి, రోడ్డు టైర్లకు కాదు, పక్కనుంచి తిప్పుకుని వెళ్లండి. గాడుల్లో నీళ్లు నింపుకుని స్టార్ట్ గీత మీదికి వస్తే మీకే కాదు, మీ వెనక వచ్చేవాడికీ జారుతుంది.

అపోహ: పచ్చ లైటు పడగానే కదలకపోతే టైమ్ పాడవుతుంది.

కాదు. స్టార్ట్ గీత దగ్గర అడ్డంగా ఉండే కాంతి కిరణాన్ని మీ చక్రం దాటి కదిలినప్పుడే గడియారం మొదలవుతుంది. పచ్చ లైటు పడ్డాక మూడు సెకన్లు కూర్చుని బయల్దేరినా మీ 13.31 అలాగే ఉంటుంది, పక్కవాడి చేతిలో ఓడిపోతారు, అంతే. టైమ్ కోసం వెళ్లినప్పుడు పక్కవాణ్ణి మర్చిపోండి. కారు గీత దగ్గరికి చేరిందని చెప్పే రెండు లైట్లలో రెండోది (స్టేజ్ లైటు) అలా వెలగగానే ఆగిపోండి, ఇంకా ముందుకు జరగకండి. గడియారం మొదలయ్యేలోపు కారు దొర్లే ఆ కొన్ని అంగుళాలు ఉచితం.

అపోహ: బూస్ట్ ఎంత ఎక్కువ ఉంటే పవర్ అంత ఎక్కువ.

బూస్ట్ అంటే ఇంజిన్ మింగలేక వెనక ఆగిన గాలి ఒత్తిడి. ఎంత గాలి లోపలికి పోయిందో ఆ అంకె ఒక్కటే చెప్పదు. చిన్న టర్బోని దాని శక్తికి మించి తిప్పితే గాలిని నొక్కడం కంటే వేడెక్కించడం ఎక్కువ చేస్తుంది. వేడి గాలి పల్చన, పైగా నాక్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి పేలడం) భయంతో కంప్యూటర్ ఇగ్నిషన్ టైమింగ్‌ను (స్పార్క్ పడే క్షణాన్ని) వెనక్కి లాగేస్తుంది. గేజ్‌లో 25 పీఎస్ఐ కనబడిందని మురిసిపోయేవాళ్లు లాగ్ (కారు కంప్యూటర్ రికార్డు) తీసి ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత, టైమింగ్ కోత చూసుకోండి.

ఈ వేడి సంగతి టెక్సస్‌లో ఇంకా ఎక్కువ. ఆగస్టులో సాయంత్రం కూడా 38 డిగ్రీలుంటే ఎన్నిస్‌లో గాలి దాదాపు అరకు ఎత్తులో ఉన్నంత పల్చగా ఉంటుంది, ఆ చల్లదనం లేకుండా. టర్బో కొంత సర్దుతుంది కానీ అందుకు తను ఇంకా గట్టిగా తిరగాలి. నవంబరులో అదే కారు అదే ట్యూన్‌తో 0.3 సెకను తగ్గించింది, నేను ఒక్క స్క్రూ తిప్పలేదు. పరుగుకీ పరుగుకీ మధ్య కనీసం అరగంట బానెట్ ఎత్తి ఉంచండి. వరుసలో నిలబడ్డప్పుడు ఏసీ ఆపేయండి, చెమటలు పడితే పట్టనీయండి. ఏసీ నీళ్లు స్టార్ట్ గీత మీద చుక్కచుక్కగా కారితే, రేసు మొదలుపెట్టించే స్టార్టర్ మీ వైపు చూసే చూపు భరించలేరు.

అపోహ: ఈ85 (ఇథనాల్ ఎక్కువగా కలిపిన పెట్రోల్) పోస్తే చాలు, కారు రాకెట్.

ఆక్టేన్ అంటే బలం కాదు, నాక్ కాకుండా ఓర్చుకునే గుణం. ట్యూన్ దాన్ని వాడుకుంటేనే లాభం. ఈ85లో గ్యాలన్‌కి శక్తి పెట్రోల్ కంటే పావు వంతుకు పైగా తక్కువ కాబట్టి అదే పనికి చాలా ఎక్కువ పోయాలి, మా ఇంజిన్‌లో కంపెనీ హై ప్రెషర్ ఇంధన పంపు అంత అందించలేదు. అందుకే 30 శాతం ఇథనాల్ మిశ్రమానికి ట్యూన్ చేయించుకుంటాం. 13 గ్యాలన్ల ట్యాంకులో మూడున్నర గ్యాలన్లు ఈ85, మిగతా తొమ్మిదిన్నర 93 ఆక్టేన్ (మామూలు పెట్రోల్‌లోనూ ఓ 10 శాతం ఇథనాల్ ఉంటుంది). లెక్క సరిగ్గా కుదురుతుంది, ఈ85లో 83 శాతం ఇథనాల్ ఉంటే. కానీ ఆ పేరుతో 51 శాతం ఉన్నది అమ్మినా నిబంధనలు ఒప్పుకుంటాయి, చలికాలంలో అటువైపే జారుతుంది. అలాంటిది పోస్తే మీ 30 కాస్తా 21 అవుతుంది. ఒక జనవరిలో నేను చూసుకోకుండా పోసి, మూడో గేర్‌లో టైమింగ్ ఐదు డిగ్రీలు పడిపోయిన లాగ్ చూసి గుండె జారిపోయింది. ఇప్పుడు డాష్‌బోర్డు అరలో గాజు గొట్టం ఒకటి ఉంటుంది. కింది గీత దాకా నీళ్లు, పై గీత దాకా పంపు నుంచి పట్టిన ఇంధనం, మూత బిగించి బాగా ఊపి నిలబెడితే ఇథనాల్ నీళ్లలో కలిసి కిందికి దిగుతుంది, మధ్య గీత ఎంత పైకి జరిగిందో అదే మీ శాతం. రెండు నిమిషాల పని. బంకులో జనం వింతగా చూస్తారు, చూడనీయండి.

అపోహ: బ్లో-ఆఫ్ వాల్వ్ (యాక్సిలరేటర్ వదలగానే టర్బో దగ్గర మిగిలిన గాలిని వదిలే కవాటం) సౌండ్ వస్తే కారు ఫాస్ట్ అయినట్టు.

చెవులకు ఫాస్ట్.

అపోహ: బరువు తగ్గించడం రేసు కార్లకే, మనకెందుకు.

వంద పౌన్లకు పదో వంతు సెకను అనేది పాత లెక్క. మన భాషలో 20 పౌన్ల సోనా మసూరి బస్తాలు ఐదు. డిక్కీ తెరిచి చూడండి, కాస్ట్‌కో సామాను, క్రికెట్ కిట్, పిల్లల కారు సీటు, స్పేర్ టైరు. ముందు చక్రాల కారులో వెనక బరువు దించితే రెండిందాలా మంచిది, మిగిలిన బరువులో ముందు చక్రాల వాటా పెరుగుతుంది. దించినవన్నీ తిరిగి ఎక్కించడం మర్చిపోకండి, ముఖ్యంగా కారు సీటు.

అపోహ: డీలర్ దగ్గరికి వెళ్లేముందు పాత ట్యూన్ తిరిగి ఎక్కిస్తే ఎవరికీ తెలియదు.

ఫోక్స్‌వ్యాగన్, ఆడీలలో డీలర్ స్కాన్ చేసినప్పుడు ట్యూన్ అయిన కంప్యూటర్‌ను పట్టుకునే పద్ధతి ఉంది, దొరికితే కారు మీద టీడీ1 అనే గుర్తు పడుతుంది. ఇంజిన్ వారంటీకి తిలోదకాలు ఇవ్వగలిగితేనే ట్యూన్ చేయించండి. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుద్ధి చేసే భాగం) లేని డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ బయటికి పోయే గొట్టం) రోడ్డు కారుకి ఫెడరల్ చట్టం ప్రకారమే నిషిద్ధం, డాలస్ కౌంటీలో పొగ పరీక్ష కూడా ఉంది.

అపోహ: హెల్మెట్ పెద్ద పెద్ద రేసర్లకే.

అమెరికా డ్రాగ్ రేసింగ్ సంఘం ఎన్‌హెచ్ఆర్ఏ హెల్మెట్ నిబంధన 13.99 సెకన్లు, అంతకంటే తక్కువ టైమ్ నుంచి మొదలు. ట్యూన్ చేసిన జీటీఐ మొదటి పరుగులోనే అందులోకి దిగుతుంది, స్నెల్ (హెల్మెట్ల భద్రతను పరీక్షించే సంస్థ) స్టిక్కర్ ఉన్న హెల్మెట్ తెచ్చుకోండి. కొనేముందు అడగండి, నా దగ్గర మీడియం సైజుది ఒకటి అదనంగా ఉంది.