మాస్కులో సరుగుడు తోపు

కావలిలో నా దగ్గర ఇంటర్ ఫిజిక్స్ చదువుకున్న అబ్బాయి ఒకడు ఇప్పుడు రామాయపట్నం వైపు రొయ్యల చెరువులు చూసుకుంటున్నాడు. మొన్న ఫోన్ చేసి, మంచీచెడ్డా అయ్యాక అడిగాడు: "సార్, మాస్కులు పనిచేయవని ఏదో పెద్ద పరిశోధనలో తేలిందంట గదా? వైరస్ సైజేమో 0.1 మైక్రాన్, అంటే మిల్లీమీటరులో పదివేలో వంతు. గుడ్డలో రంధ్రాలు దానికి వంద రెట్లుంటాయంట. దోమ రాకుండా ముళ్లకంచె వేసినట్టే గదా సార్? మరి కరోనా రోజుల్లో మీరెందుకు వేసుకోమన్నారు?"

రెండు రోజులు ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. తప్పు కొంత నాది కూడా. 2020 మార్చిలో మన రాష్ట్రంలో మొదటి కరోనా కేసు బయటపడింది నెల్లూరులోనే, ఇటలీ నుంచి వచ్చిన ఒక యువకుడికి. ఆ భయంలో అడిగిన ప్రతివాళ్లకీ నేను మాస్కును జల్లెడతో పోల్చి చెప్పాను. పిండి దిగుతుంది, నూక పైన ఆగుతుంది అన్నాను. ఆ పోలిక తప్పు. అది నిజమైతే ముళ్లకంచె వాదం కూడా నిజమే అవుతుంది. మాస్కు జల్లెడలా పనిచేయదు. దాన్ని అర్థం చేసుకోవాలంటే మన తీరంలో ఉన్న సరుగుడు తోపులోకి వెళ్లాలి.

తుమ్మలపెంట నుంచి కొత్తపట్నం దాకా సముద్రం పక్కన నడిచిన వాళ్లెవరికైనా ఆ తోపులు తెలుసు. చెట్టుకూ చెట్టుకూ మధ్య మనిషి హాయిగా నడిచిపోవచ్చు. సముద్రపు గాలి తెచ్చే ఉప్పు తుంపర మనిషి కంటే ఎన్నో వేల రెట్లు చిన్నది. జల్లెడ లెక్కన అది మొత్తం ఇవతలికి వచ్చేయాలి. కానీ తోపు వెనక ఉన్న వేరుశనగ చేను బతుకుతోంది, తోపు లేనిచోట ముందు వరస మొక్కలు మాడిపోతున్నాయి. తుంపరను ఆపింది చెట్ల మధ్య సందు కాదు, చెట్టే. సందు ఎంత ఉందన్నది కాదు ప్రశ్న, తోపులోంచి పోయేది ఎక్కడో ఒకచోట చెట్టుకు తగులుతుందా లేదా అన్నది. ఒక చెట్టు తప్పితే ఇంకో చెట్టు, అది తప్పితే మరోటి, అలా వందల వరసలు.

మాస్కు గుడ్డను మైక్రోస్కోపు కింద పెడితే కనిపించేది అచ్చంగా ఇదే. చిందరవందరగా పడి ఉన్న నారల అడవి. దానిలోకి గాలితో పాటు వచ్చేవాళ్లను చూద్దాం.

మొదట ఒంగోలు గిత్త. పరుగు మీద ఉంది. గాలి చెట్టు దగ్గరకు రాగానే మెత్తగా పక్కకు తిరిగి పోతుంది. గిత్త తిరగలేదు, దాని బరువు దాన్ని ముందుకే లాగుతుంది, చెట్టుకు గుద్దుకుంటుంది. పెద్ద తుంపరలు ఇలా దొరుకుతాయి. రెండోది తల మీద గడ్డిమోపు పెట్టుకున్న మనిషి. గాలితో పాటే జాగ్రత్తగా చెట్టు పక్కనుంచి తిరుగుతాడు, కానీ మోపు అంచు కొమ్మకు పట్టుకుంటుంది. రేణువు దారి తప్పకపోయినా దాని ఒళ్లు నారకు తగిలితే చాలు, అంటుకుపోతుంది. ఆ కొలతలో నారకూ రేణువుకూ మధ్య పట్టు ఎంత గట్టిదంటే, ఒకసారి తగిలింది మామూలు ఊపిరికి ఊడిరాదు. మూడోది సీతాకోకచిలుక. అతి చిన్న రేణువులు. వీటిని గాలి అణువులే అటూ ఇటూ తోస్తుంటాయి, తిన్నగా పోనివ్వవు. అలా తూలుతూ తూలుతూ ఏదో ఒక నార మీద వాలిపోతాయి.

మూడోది బ్రౌనియన్ చలనం. 1827లో రాబర్ట్ బ్రౌన్ చూసింది, 1905లో ఐన్‌స్టీన్ లెక్క కట్టింది. మనం దీన్ని పిల్లలకు రెండు మార్కుల నిర్వచనంగా బట్టీ వేయిస్తాం. ఆ నిర్వచనమే మూతి మీద మాస్కులో నిమిషం నిమిషం పనిచేస్తోందని ఒక్క క్లాసులో చెప్పినా ముళ్లకంచె వాదం మన ఊళ్లలో ఇంత తిరిగేది కాదు. ఈ విషయంలో నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇప్పుడు కాస్త లెక్క. మామూలు ఊపిరికి మాస్కు గుండా గాలి సెకనుకు 5 సెంటీమీటర్ల వేగంతో పోతుందనుకుందాం. గాలి హఠాత్తుగా పక్కకు తిరిగితే 5 మైక్రాన్ల నీటి బొట్టు తన ఊపులో ఇంకో 4 మైక్రాన్లు ముందుకే పోతుంది. సర్జికల్ మాస్కు మధ్య పొరలో నార మందమే కొన్ని మైక్రాన్లు. అంటే గుద్దుకోక తప్పదు. ఈ ముందుకు పోయే దూరాన్ని నార మందంతో భాగిస్తే వచ్చేదే స్టోక్స్ సంఖ్య. అది ఒకటికి దగ్గరైతే రేణువు దొరికినట్టే. ఆ దూరం రేణువు వ్యాసం వర్గాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి 0.3 మైక్రాన్ల రేణువుకు అది మైక్రాన్‌లో 40వ వంతు కూడా ఉండదు. గిత్త లక్షణం పూర్తిగా పోయింది. సరే, ఇంకా చిన్నదైన 0.1 మైక్రాన్ రేణువు? అర మిల్లీమీటరు మందం మాస్కు దాటడానికి దానికి సెకనులో 100వ వంతు పడుతుంది. ఆ కాస్త సేపట్లోనే అది పక్కకు 3, 4 మైక్రాన్లు తూలుతుంది. సీతాకోకచిలుక లక్షణం వచ్చేసింది.

అందుకే వడపోతలో అన్నిటికంటే తప్పించుకునేది అతి చిన్నది కాదు, మధ్యది. గిత్తలా గుద్దుకోదు, సీతాకోకచిలుకలా తూలదు, బుద్ధిగా గాలి వెంట నడిచిపోతుంది. మామూలు నారల్లో ఆ సైజు సుమారు 0.3 మైక్రాన్లు. ఎన్95 మాస్కుకు ఆ పేరు ఎలా వచ్చిందో చూడండి: కష్టమైన ఆ సైజు దగ్గరే నూటికి కనీసం 95 రేణువులను పట్టాలి. దానికంటే పెద్దవి ఇంకా ఎక్కువగా దొరుకుతాయి, చిన్నవాటిలో కూడా చాలా భాగం దొరికిపోతాయి. వైరస్ 0.1 మైక్రాన్ కాబట్టి ఎన్95 దాన్ని ఆపలేదన్న మాట తలకిందుల మాట. పైగా వైరస్ ఒంటరిగా రాదు. ఉమ్మి తుంపరలో, అది ఆరిపోతే మిగిలే ఉప్పు, ప్రోటీన్ల ఉండలో కూర్చుని వస్తుంది.

నాలుగో పట్టు ఒకటుంది. తల దువ్వుకున్న దువ్వెన కాగితం ముక్కలను లాగుతుంది కదా, సర్జికల్, ఎన్95 మాస్కుల మధ్య పొర నారలకు అలాంటి విద్యుదావేశం చాలాకాలం నిలిచేలా ఎక్కించి ఉంటుంది. పక్కనుంచి పోయేదాన్ని కూడా లాక్కుంటాయి. సబ్బు పెట్టి ఉతికితే ఆ ఆవేశం పోతుంది. ఉతికిన ఎన్95 చూడటానికి అలాగే ఉంటుంది, పని మాత్రం బాగా తగ్గిపోతుంది. నూలు గుడ్డకు ఈ పట్టు దాదాపు లేదు. నారలు కూడా లావు. అందుకే గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు, ఎన్95 మూడింటినీ ఒకే మాటతో "మాస్కు" అని పిలిచి, పనిచేస్తుందా లేదా అని కొట్లాడుకోవడంలో అర్థం లేదు.

తోపు ఇంకో రెండు సంగతులు చెబుతుంది. తోపు మధ్యలో బండిబాట ఉంటే గాలి అందులోంచి మరింత జోరుగా తోసుకొస్తుంది. ఆ బాటకు ఎదురుగా ఉన్న చేనే ముందు పడిపోతుంది. ముక్కు పక్కన, బుగ్గ పక్కన ఉన్న సందు అలాంటి బండిబాట. గాలికి నారల్లోంచి దూరడం కష్టం, సందులోంచి పోవడం సుఖం. ఎంత మంచి గుడ్డయినా అక్కడ ఓడిపోతుంది. ఇక రెండోది, తోపు బదులు గోడ కడితే? గాలి గోడ మీదుగా ఎగిరి వెనక సుడి తిరిగి చేనును కొడుతుంది. కాస్త గాలి పోనిచ్చే తోపే గోడకంటే నయం. నాలుగు మడతల దళసరి తువ్వాలు మూతికి కట్టుకున్నవాళ్లకు జరిగింది ఇదే. లోపలికి పోలేని గాలి మొత్తం పక్కల నుంచి పోయింది. 2021లో కర్పూరం, వాము పొట్లాం కట్టి మాస్కులో పెట్టుకున్నవాళ్లను కూడా చూశాను. ఆ వాసన ఆక్సిజన్ పెంచదు. పొట్లాం మాత్రం మాస్కును బుగ్గ మీద నుంచి ఎత్తి సందు పెంచుతుంది.

ఇంత బాగా పనిచేసే వస్తువు మీద మరి శాస్త్రవేత్తల మధ్యే తగాదా ఎందుకు? "మాస్కు రేణువులను పడుతుందా?" అన్నది ఒక ప్రశ్న. "ఊళ్లో జనానికి మాస్కులు వేసుకోండని చెబితే జబ్బు తగ్గుతుందా?" అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. మొదటిది ప్రయోగశాలలో తేలుతుంది, తేలిపోయింది కూడా. రెండోది జనం మధ్య తేలాలి. రెండిటికీ జనం వాడేది ఒకే వాక్యం, "మాస్కు పనిచేస్తుందా?" అని.

జనం మధ్య ఎలా తేల్చాలో చెప్పడానికి కృష్ణపట్నం కంటే మంచి ఉదాహరణ నాకు దొరకదు. 2021 మేలో అక్కడ ఇచ్చిన నాటు మందు కోసం వేల మంది ఒకరి మీద ఒకరు పడుతూ నిలబడ్డారు. చాలామందికి మాస్కు గడ్డం కింద ఉంది. వాళ్లను నేను తప్పుపట్టను, ఆసుపత్రిలో మంచం దొరకని రోజులవి. కానీ "మందు వేసుకున్నాక మా మామకు తగ్గింది" అన్న మాట రుజువు కాదు. కరోనా వచ్చినవాళ్లలో చాలామందికి ఏ మందూ లేకుండానే తగ్గింది. మందు వేసుకోని, అలాంటి వయసే, అలాంటి ఆరోగ్యమే ఉన్న ఇంకో గుంపును పక్కన పెట్టి పోల్చాలి. ఎవరు ఏ గుంపులో ఉండాలో చీటీ వేసి తేల్చాలి. మందుకు ఈ నియమం పెట్టినప్పుడు మాస్కుకు కూడా పెట్టాలి, మినహాయింపు లేదు. మంచూరియా ప్లేగులో, 1911లో, వు లియెన్‌తే అనే వైద్యుడు గాజుగుడ్డ మాస్కులు వేసుకోమంటే ఒక ఫ్రెంచి వైద్యుడు ఒప్పుకోక మాస్కు లేకుండా రోగులను చూసి కొద్దిరోజులకే ప్లేగుతో చనిపోయాడు. కథగా గుండెను తాకుతుంది. ఒక్క మరణం మాత్రం రుజువు కాదు.

చీటీ వేసి చేసిన పెద్ద పరీక్షలు కరోనా కాలంలో రెండు చెప్పుకోదగ్గవి. డెన్మార్క్‌లో 2020లో సుమారు 6,000 మందితో చేశారు. మాస్కు ఇచ్చిన గుంపులో నూటికి 1.8 మందికి, ఇవ్వని గుంపులో 2.1 మందికి జబ్బు వచ్చింది. దీని అర్థం మాస్కు జబ్బును 46 శాతం తగ్గించి ఉండవచ్చు, 23 శాతం పెంచి కూడా ఉండవచ్చు, ఈ పరీక్షతో చెప్పలేం అని. రొయ్యల ట్రేలు తూచే కాటా మీద ఉంగరం పెట్టి, ముల్లు కదల్లేదు కాబట్టి ఉంగరానికి బరువు లేదని అనగలమా? ఇచ్చిన మాస్కును చెప్పినట్టు వేసుకున్నామన్నవాళ్లు సగం కంటే తక్కువ. పైగా మాస్కు వేసుకున్న మనిషికి వచ్చిందా అనే చూశారు. అతని నుంచి పక్కవాళ్లకు పోవడం ఎంత తగ్గిందో ఈ పరీక్ష చూడలేదు.

రెండోది బంగ్లాదేశ్‌లో, మనలాంటి పల్లెల్లో. 600 గ్రామాలు, 3 లక్షల 40 వేలకు పైగా పెద్దవాళ్లు. సగం ఊళ్లలో మాస్కులు పంచి, మసీదుల్లో, సంతల్లో వేసుకోమని గుర్తుచేశారు. వేసుకునేవాళ్లు నూటికి 13 నుంచి 42కు పెరిగారు. లక్షణాలతో జబ్బు వచ్చి రక్తపరీక్షలో తేలినవాళ్లు 9 శాతం తగ్గారు. సర్జికల్ మాస్కులిచ్చిన ఊళ్లలో 60 దాటినవాళ్లలో 35 శాతం తగ్గారు. గుడ్డ మాస్కుల ఊళ్లలో తేడా స్పష్టంగా రాలేదు. ఈ లెక్కలనూ ఇతర గణాంక శాస్త్రవేత్తలు తిరిగి చూసి, రెండు రకాల ఊళ్లలో సర్వేకు ఒప్పుకున్నవాళ్ల సంఖ్యల్లోనే తేడా ఉందని ఎత్తిచూపారు. ఆ విమర్శ న్యాయమైనదే. నాకు ముఖ్యంగా కనిపించేది వేరే అంకె: ఆ ఊళ్లలో అదనంగా మాస్కు వేసుకున్నది వందకు 29 మంది మాత్రమే. మిగతావాళ్లు ఎలా ఉన్నారో అలాగే ఉన్నారు. వందెకరాల తీరంలో 29 ఎకరాల్లో తోపు వేసి, మొత్తం ఊరి పంటను తూచినట్టు.

నా శిష్యుడు విన్న "పెద్ద పరిశోధన" 2023 జనవరిలో వచ్చిన కోక్రేన్ సమీక్ష. వైద్య పరీక్షల ఫలితాలను కలిపి బేరీజు వేసే సంస్థ కోక్రేన్. ఈ సమీక్ష 78 పరీక్షలను కలిపి చూసింది. వాటిలో ఎక్కువ కరోనాకు ముందువి, చేతులు కడుక్కోవడం లాంటివి కూడా ఉన్నాయి. తేడా కనిపించలేదనో, చాలా తక్కువనో వచ్చింది. సమీక్ష ముఖ్య రచయిత మాస్కులతో తేడా లేదన్నట్టు మాట్లాడితే అది ప్రపంచమంతా పాకింది. మార్చిలో కోక్రేన్ ప్రధాన సంపాదకురాలే వివరణ ఇచ్చారు, మాస్కులు పనిచేయవని తేలిందని చెప్పడం సరికాదని, ఫలితం ఎటూ తేలలేదని. తేలకపోవడం వేరు, లేదని తేలడం వేరు. మొదటి మాట పాకినంత వేగంగా రెండోది పాకలేదు.

జనం నమ్మకం పోవడానికి పెద్దల తప్పు కూడా ఉంది, దాన్ని దాచకూడదు. 2020 ఫిబ్రవరి చివర అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య పెద్ద డాక్టరు, సర్జన్ జనరల్, జనానికి మాస్కులు కొనొద్దని, వాళ్లకు ఉపయోగం లేదని చెబుతూనే, ఆసుపత్రి సిబ్బందికి దొరక్కపోతే అందరికీ ప్రమాదమన్నారు. సామాన్యుడి మూతికి పనికిరానిది నర్సు మూతికి ఎలా పనికొస్తుంది? కొరత ఉంది, వాళ్లకు వదిలేయండి అని చెప్పి ఉంటే జనం అర్థం చేసుకునేవాళ్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్చి 28న ఈ జబ్బు గాలి ద్వారా పాకదని ప్రకటించింది, జూన్ 5న జబ్బు బాగా పాకిన చోట్ల, దూరం పాటించలేనప్పుడు జనం గుడ్డ మాస్కులు వేసుకోవాలంది, జూలైలో 239 మంది శాస్త్రవేత్తలు గాలి సంగతి ఒప్పుకోమని బహిరంగంగా రాయాల్సి వచ్చింది. ఈ గొడవ మొత్తానికి మూలం తుంపర ఎంతసేపు గాలిలో ఉంటుందన్నదే. 100 మైక్రాన్ల బొట్టు నోటి ఎత్తు నుంచి 6 సెకన్లలో నేల మీద పడుతుంది. 5 మైక్రాన్లది, గాలి కదలని గదిలో కూడా, అర గంట తిరుగుతుంది.

అబ్బాయికి ఇదంతా ఫోన్లో చెప్పాను. ఓపికగా విని, "అయితే నా మాస్కు పనిచేస్తోందో లేదో ఇంట్లో ఎట్లా తెలుస్తుంది సార్?" అన్నాడు. కళ్లజోడు పెట్టుకుని, మాస్కు కట్టుకుని, గట్టిగా ఊపిరి వదలమన్నాను.

"అద్దాలు మసకబారినాయి సార్."

అదే బండిబాట. ముక్కు మీద తీగ నొక్కి, మళ్లీ ఊదమన్నాను.