పిండిని ఒక రాత్రి పడుకోనివ్వండి

పిల్లలూ,

మా బెర్గెన్‌లో డిసెంబరు వచ్చిందంటే పొద్దున తొమ్మిదిన్నర దాటితే గానీ తెల్లవారదు. మధ్యాహ్నం మూడున్నరకే చీకటి. ఆ చీకట్లో ఎవరింటి తలుపు తట్టినా ఒకటే వాసన: దాల్చినచెక్క, లవంగం, శొంఠి. నార్వే వాళ్ల క్రిస్మస్ బిస్కెట్లు, పెపర్‌కాకెర్. ఎలా చేస్తారని అడిగారుగా, ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతారని రాస్తున్నాను.

పెపర్ అంటే మిరియం, కాకెర్ అంటే కేకులు. ఒకప్పుడు యూరప్‌లో దూరదేశాల నుంచి వచ్చే మసాలా దినుసులన్నిటినీ కలిపి మిరియాలనే అనేవారట, అందుకే ఆ పేరు. ఆ మిరియాలు మన మలబారు తీరం నుంచి ఓడలెక్కి వెళ్లినవే. శొంఠి, మిరియాలు అంటే మనకు జలుబు కషాయం గుర్తొస్తుంది. వీళ్లకు మాత్రం పండగ గుర్తొస్తుంది!

150 గ్రాముల వెన్న, 200 మి.లీ. గ్లాసుడు పంచదార, అరగ్లాసు సిరప్ (తేనెలా చిక్కగా ఉండే పంచదార పాకం) సన్నసెగ మీద కరిగించండి. అరిసెలకు లాగా పాకం పట్టక్కర్లేదు. దించి, కాస్త చల్లారాక అరగ్లాసు క్రీమ్ పోయండి. 450 గ్రాముల మైదాలో ఒక చెంచా వంటసోడా, రెండు చెంచాల దాల్చినచెక్క పొడి, శొంఠి, లవంగం, మిరియాల పొడులు అరచెంచా చొప్పున వేసి, ఆ మైదాను కరిగించిన వెన్న మిశ్రమంలో కలిపేయండి.

పిండి జారుగా, చేతికి అంటుకుంటూ ఉంటుంది. మొదటి ఏడాది నేను టెన్షన్ పడిపోయి ఇంకో రెండు గుప్పెళ్ల మైదా కలిపేశాను. బిస్కెట్లు పలకల్లా అయ్యాయి, కొరికితే పళ్లు నొప్పి. పక్కింటి పెద్దావిడ ఒక ముక్క తిని, "పిండిని రాత్రంతా చల్లటి చోట పెట్టలేదా?" అని అడిగింది. అసలు కిటుకు అదే. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంటే వెన్న గడ్డకడుతుంది, మైదా తడిని పీల్చుకుంటుంది, మసాలా ఘాటు పిండంతా పడుతుంది. పొద్దున్నకి అదే పిండి చక్కగా ఒత్తడానికి వస్తుంది. దయచేసి ఆ ఒక్క రాత్రి ఓపిక పట్టండి.

అప్పడాల కర్రతో పల్చగా, మూడు మిల్లీమీటర్ల మందాన ఒత్తండి. హృదయాలు, నక్షత్రాలు, మనుషులు, పందిపిల్లలు, ఏ అచ్చు నచ్చితే అది. కిటికీకి వేలాడదీసేవాటికి కాల్చకముందే స్ట్రాతో కన్నం పెట్టాలి. ఓవెన్‌లో 175 డిగ్రీల దగ్గర పది నిమిషాల లోపే అయిపోతాయి. తీసినప్పుడు మెత్తగా ఉంటే పచ్చిగా ఉన్నాయనుకుని మళ్లీ లోపల పెట్టకండి. చల్లారితే వాటంతటవే కరకరలాడతాయి.

1991 నుంచి మా ఊళ్లో ఏటా ఈ బిస్కెట్లతో ఒక చిన్న నగరమే కడతారు. బడిపిల్లలు, కుటుంబాలు ఇళ్లు, ఓడలు చేసి తెచ్చిస్తారు. 2009లో తెరవబోయే ముందు ఎవరో దాన్ని ధ్వంసం చేశారు. ఊరంతా మళ్లీ పిండి కలిపి, మళ్లీ కట్టింది. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు కళ్లు చెమరుస్తాయి.

వచ్చే డిసెంబరుకు మీరొస్తే మనమూ ఒక ఇల్లు కడదాం. గోడలు కోయడం, ఐసింగ్‌తో కిటికీలు గీయడం మీ పని. కరిగిన పంచదారతో గోడలు అతికించేది మాత్రం నేనే. అది చేతిమీద పడితే బొబ్బలెక్కుతుంది.

మీ అమ్మమ్మ