పాత కార్వెట్‌లో ఉన్నది పుట్టినప్పటి ఇంజినేనా?

షెవర్లె సంస్థ 1963లో సెయింట్ లూయిస్ కర్మాగారం నుంచి 21,513 కార్వెట్ స్టింగ్ రే కార్లను బయటికి పంపింది. వాటిలో వెనుక అద్దం మధ్య పట్టీతో రెండుగా చీలిన కూపే ఆ ఒక్క ఏడాదే వచ్చింది కాబట్టి దానికి గిరాకీ ఎక్కువ, పుట్టినప్పటి ఇంజిన్ కూడా ఉంటే ధర మరింత ఎక్కువ. అందుకే వేరే ఇంజిన్ మీద ఆ కారు వరుస సంఖ్య, తేదీ వంటి కావలసిన అంకెలు కొట్టి అమ్మేవారూ ఉన్నారు. ఇంజిన్ మీది అంకెలు కారుతో సరిపోలాయా అన్నదానికంటే, అవి లోహం మీద ఎలా పడ్డాయన్నదే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను.

మొదట చూడవలసినవి తేదీలు. కరిగిన ఇనుమును ఇసుక అచ్చులో పోసినప్పుడే బ్లాక్ (ఇంజిన్ ప్రధాన ఇనుప దిమ్మ) వెనుక అంచు మీద ఆ రోజు తేదీ ఉబ్బెత్తుగా ఏర్పడుతుంది. ‘బి 4 3’ అంటే ఫిబ్రవరి 4, 1963. చివరి అంకె 1973కు కూడా సరిపోతుంది కనుక అది ఏ రకం బ్లాకో చెప్పే పోత సంఖ్యనూ చదవాలి. ఇంజిన్ ముందు వైపు, కుడి సిలిండర్ హెడ్ దగ్గరి చిన్న చదును మీద ‘ఎఫ్0212ఆర్ఎఫ్’ అని ఉంటే, అది ఫ్లింట్ ఊరిలోని ఇంజిన్ కర్మాగారంలో ఫిబ్రవరి 12న కూర్చిన, ఇంధన ఇంజెక్షన్ గల 360 హార్స్‌పవర్ ఇంజిన్ అని అర్థం. పోత, కూర్పు, కారు తయారీ ఈ వరుసలోనే జరగాలి. కారు కంటే తర్వాత పుట్టిన ఇంజిన్ ఆ కారుది కాలేదు.

అసలు పరీక్ష ఆ చదును మీదే ఉంది. కర్మాగారంలో బ్లాక్ పైభాగాన్ని బ్రోచ్ అనే పొడవాటి పళ్ల పనిముట్టుతో ఒక్క ఊపులో చెక్కేవారు. దానివల్ల ముందు నుంచి వెనక్కి సన్నని సమాంతర గీతలు పడేవి. అంకెలు వాటి మీద తర్వాత కొట్టినవి కాబట్టి, భూతద్దంతో చూస్తే అక్షరం అంచు దాకా గీత వచ్చి ఆగి, అవతల మళ్లీ అదే వరుసలో కొనసాగుతుంది. పాత అంకెలను అరగదీసినప్పుడు ఆ గీతలూ పోతాయి. తిరిగే కట్టర్‌తో చెక్కితే వంపు గీతలు, గరుకు కాగితంతో రుద్దితే దిక్కులేని గీతలు మిగులుతాయి. పైగా కూర్పు సంకేతాన్ని ఫ్లింట్‌లోనూ, కారు వరుస సంఖ్యను సెయింట్ లూయిస్‌లోనూ వేర్వేరు చేతులు, వేర్వేరు ముద్రలతో కొట్టాయి. రెండూ ఒకే పరిమాణంలో, ఒకే లోతులో కనిపిస్తే అనుమానించాలి.

అయితే గీతలు లేనంత మాత్రాన మోసమని తీర్పు చెప్పడం అన్యాయం. అరిగిన ఇంజిన్‌ను నిజాయితీగా బాగుచేసినప్పుడు కూడా పైభాగాన్ని చదును చేస్తారు, అప్పుడు అంకెలతో సహా అన్నీ చెరిగిపోతాయి. అటువంటి బ్లాక్‌ను ఉన్నదున్నట్లు చెప్పి అమ్మడంలో తప్పేమీ లేదు.

ఫైబర్‌గ్లాస్ బాడీకి వేరే గుర్తులున్నాయి. కర్మాగారపు పలకలను రెండు లోహపు అచ్చుల మధ్య నొక్కి చేశారు, అందుచేత వాటి వెనుక వైపూ నునుపుగానే ఉంటుంది. చేత్తో పొరలు పరిచి చేసిన కొత్త పలకకు ఒక వైపే నునుపు, రెండో వైపు గరుకు. అసలు ముందు భాగంలో పలకలు కలిసేచోట లోపలి వైపు అతుకు పట్టీలు ఉంటాయి. ఫెండర్ కింద చెయ్యి పెట్టినప్పుడు ఆ పట్టీలు తగలకపోతే, ప్రమాదం తర్వాత ముందు భాగమంతా ఒకే ముక్కగా మార్చి ఉండవచ్చు.