మహబూబ్‌నగర్ పేరులో కనిపించని గుర్తు

మహబూబ్‌నగర్ అన్న పేరును కంప్యూటర్ 11 గుర్తులుగా దాచుకుంటుంది. అందులో ఏడోది కంటికి కనిపించదు. పొల్లు బకారానికీ, తరువాతి నకారానికీ మధ్య కూర్చుని ‘ఈ రెంటినీ కలిపి వత్తు చేయవద్దు’ అని చెప్పడమే దాని పని. సాంకేతికంగా దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది లేకపోతే ‘మహబూబ్నగర్’ అని బకారం కింద నకారపు వత్తు పడుతుంది. నాగర్‌కర్నూల్, షాద్‌నగర్, హుజూర్‌నగర్ పేర్లదీ ఇదే అవసరం.

కొందరు ఆ గుర్తు పెట్టి టైపు చేస్తారు, కొందరు పెట్టరు. బైట్లను, అంటే కంప్యూటర్ గుర్తులను దాచుకునే అంకెలను, మాత్రమే పోల్చే ప్రోగ్రాముకు అవి రెండు వేర్వేరు జిల్లాలు!

సైదులు పేరు చూడండి. జాన్‌పహాడ్ దర్గా మీది భక్తితో నల్లగొండ, సూర్యాపేట ప్రాంతాల్లో ఎందరికో పెట్టుకున్న పేరు. అందులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో, అంటే ప్రపంచ లిపులన్నిటి గుర్తులకూ సంఖ్యలిచ్చే ప్రమాణంలో, ఒకే గుర్తుగా రాయవచ్చు; ఎత్వానికి అక్షరం కింద పడే గుర్తును చేర్చి రెండుగానూ రాయవచ్చు. తెరమీద తేడా ఏమీ ఉండదు. జాబితాలో ఒక విధంగా ఎక్కి, వెతికేవారు మరో విధంగా టైపు చేస్తే, పేరు కళ్లెదుటే ఉన్నా ‘లేదు’ అని జవాబు వస్తుంది. పింఛను కోసం వచ్చిన మనిషికి అది చిన్న విషయం కాదు.

ఈ చిక్కులు విప్పే ప్రోగ్రాముల సముదాయం ఒకటి మన ఫోన్లలో ఇప్పటికే ఉంది. ఇంటర్నేషనల్ కాంపొనెంట్స్ ఫర్ యూనికోడ్, పొట్టిగా ఐసీయూ. రెండు రకాల ఐత్వాలను ఒకటిగా మార్చడం, పోల్చేటప్పుడు ఆ కనిపించని గుర్తును పక్కన పెట్టడం, పేర్లను అకారాది క్రమంలో పేర్చడం, లక్షను 1,00,000 అని మన పద్ధతిలో కామాలతో రాయడం దీని పనులే. ఐబీఎం 1999లో దీని మూల కోడ్‌ను అందరికీ తెరిచింది. 2016 నుంచి యూనికోడ్ ప్రమాణాన్ని నడిపే యూనికోడ్ కన్సార్షియం చూసుకుంటోంది.

‘నల్లగొండ’లో 8 గుర్తులున్నాయి. యూనికోడ్ గుర్తులను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 24. చోటు చాలదని ప్రోగ్రాము పది బైట్ల దగ్గర తెంపేస్తే ‘నల్’ మిగిలి, దాని పక్కన ముక్కలైన అక్షరం చేరుతుంది. ఎక్కడ తెంచాలో చెప్పే నియమాలూ ఐసీయూలో ఉన్నాయి. ‘ల్ల’ను విడదీయకుండా ఒకే అక్షరంగా చూడాలన్న నియమం యూనికోడ్ మూల ప్రమాణంలోకి 2023లో, 15.1 కూర్పుతో వచ్చింది. తెలుగువారికి పలక మీదే తెలిసిన సంగతి అది.

ఒకప్పుడు విండోస్‌లో ఒక్కో ప్రోగ్రామూ తన వెంట సొంత ఐసీయూను మోసుకొచ్చేది. 2017లో విండోస్ 10లోనే దాన్ని చేర్చారు. ఆండ్రాయిడ్ 2016లో, ఏడో కూర్పులో, ప్రోగ్రాములు రాసేవారికి నేరుగా అందుబాటులోకి తెచ్చింది. ఆపిల్ దగ్గర అది లోపలే ఉంటుంది, వేరే పొరల ద్వారా వాడుకోవాలి. ఇలా సిస్టమ్‌లోనే ఉంటే చోటు ఆదా. కానీ సిస్టమ్ నవీకరణ ఆగిపోయిన పాత ఫోనులో నియమాలూ పాతవే మిగిలిపోతాయి. పల్లెల్లో ఎక్కువ కాలం వాడేది అలాంటి ఫోన్లనే కనుక, ఇది నాకు పెద్ద లోటుగానే కనిపిస్తుంది.

అక్షరాన్ని తెరమీద గీయడం మాత్రం ఐసీయూది కాదు, సిస్టమ్‌లో వేరే భాగం పని. 2018 ఫిబ్రవరిలో, ‘జ్ఞా’లో ఆ కనిపించని గుర్తు ఇరుక్కున్న ఒక గుర్తుల వరుస వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలింది అక్కడే. ఆపిల్ కొద్ది రోజుల్లోనే సరిచేసింది. తెలుగు జాబితాల్లో పేర్లు దొరకకపోవడానికి మాత్రం అలాంటి నవీకరణ కోసం ఎదురుచూడనక్కరలేదు. ప్రోగ్రాము రాసేవారు బైట్లను పోల్చడం మాని, సిస్టమ్‌లో ఉన్న ఐసీయూ పోలికను వాడుకుంటే చాలు.