రెండు మ్యాచ్‌ల తూకం

2021 ఆగస్టు 13, శుక్రవారం. మనకి అర్ధరాత్రి దాటాక పన్నెండున్నరకి మ్యాచ్. 74 ఏళ్ళ తర్వాత ఇంగ్లండ్ అగ్రశ్రేణి ఫుట్‌బాల్ లీగ్‌లోకి తిరిగొచ్చిన బ్రెంట్‌ఫర్డ్ సొంత మైదానంలో ఆర్సెనల్‌తో ఆడుతోంది. 73వ నిమిషంలో పక్క గీత దగ్గర్నుంచి విసిరిన పొడవాటి త్రో గోల్ ముందు నేలమీద పడి పైకి లేచింది. దాన్ని ఎవరూ బయటికి తన్నలేదు. నోర్గార్డ్ తలతో లోపలికి నెట్టేశాడు. 2-0. వెంటనే తమ్ముడి మెసేజ్: "వీళ్ళు మారరు అన్నా. ఈయన్ని పంపించెయ్యాల్సిందే."

ఈయనంటే ఆర్సెనల్ కోచ్ మికెల్ ఆర్టెటా. 2019 డిసెంబర్‌లో ఆర్సెనల్ పగ్గాలు అందుకునేనాటికి వయసు 37. అంతకుముందు మాంచెస్టర్ సిటీలో పెప్ గార్డియోలాకి సహాయకుడు. సొంతంగా ఏ జట్టునీ నడిపించలేదు. వచ్చిన ఎనిమిది నెలలకే, లీగ్‌తో సంబంధం లేకుండా విడిగా జరిగే ఎఫ్‌ఏ కప్ గెలిపించాడు. కానీ లీగ్‌లో వరుసగా రెండేళ్ళూ ఎనిమిదో స్థానమే. ఆ రాత్రి తమ్ముడి మాట నాకూ సబబుగానే తోచింది. ఆ నమ్మకం ఎక్కడిదో అర్థం చేసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

ముందు గోల్ సంగతి చూద్దాం. ఫుట్‌బాల్‌లో గోల్ అరుదు. రెండు జట్లూ కలిపి మ్యాచ్‌కి మూడు లోపే సగటు. అరుదుగా, ఒకదానితో ఒకటి పెద్దగా సంబంధం లేకుండా జరిగే సంఘటనలకి పాయిసన్ అనే ఫ్రెంచ్ గణితవేత్త పేరుమీద ఒక సూత్రం ఉంది. సగటు తెలిస్తే, అవి ఎన్నిసార్లు జరిగే అవకాశం ఎంతో చెబుతుంది. ప్రష్యా సైన్యంలో గుర్రం తన్ని చనిపోయిన సైనికుల సంఖ్యని 1898లో బోర్ట్‌కీవిచ్ అనే గణాంకవేత్త ఈ సూత్రంతోనే వివరించాడు. గోల్స్ కూడా దాదాపు అదే దారిలో నడుస్తాయి.

ఒక చిన్న లెక్క వేద్దాం. మ్యాచ్‌కి సగటున 2 గోల్స్ కొట్టే బలమైన జట్టు, 0.7 గోల్ కొట్టే బలహీనమైన జట్టుతో ఆడుతోందనుకోండి. ఆటలో తేడా చాలా ఉంది. అయినా బలమైన జట్టు గెలిచే అవకాశం సుమారు 68 శాతమే. మిగతా 32 శాతంలో 20 డ్రా, 12 ఓటమి. అలాంటి రెండు మ్యాచ్‌లు వరుసగా ఆడితే, రెండింట్లోనూ గెలవకపోయే అవకాశం పదింట ఒకటి. కోచ్ తప్పు ఏమీ లేకుండానే!

ఇది కాగితం మీద లెక్క మాత్రమే కాదు. 2008 వేసవిలో బార్సిలోనా తన మొదటి జట్టుని గార్డియోలాకి అప్పగించింది. అప్పుడు ఆయన వయసూ 37. అనుభవమంతా కిందిస్థాయి లీగ్‌లో బార్సిలోనా బి జట్టుని ఒక సీజన్ నడపడమే. మొదటి లీగ్ మ్యాచ్ సోరియా అనే చిన్న ఊళ్ళో, నుమాన్సియా మీద. ఆట చాలావరకు బార్సిలోనా చేతిలోనే సాగినా 1-0తో ఓడిపోయింది. రెండోది సొంతగడ్డ మీద రేసింగ్ సాంటాండర్‌తో, 1-1 డ్రా. అభిమానుల్లో టెన్షన్ మొదలైంది. బార్సిలోనా పాత కోచ్ యోహాన్ క్రైఫ్ మాత్రం పత్రికలో తన కాలమ్‌లో ఈ జట్టు చాలా బాగా కనిపిస్తోందని రాశాడు. ఆయన స్కోరు చూడలేదు, బంతి ఎలా కదులుతోందో చూశాడు. మూడో మ్యాచ్‌లో గిజాన్‌లో 6-1. ఆ సీజన్‌లో స్పెయిన్ లీగ్, కప్, చాంపియన్స్ లీగ్ మూడూ గెలిచారు.

దీన్నిబట్టి ఓపిక పడితే ప్రతి కొత్త కోచ్ గార్డియోలా అవుతాడనుకుంటే అదీ పొరపాటే. 2020 ఆగస్టులో యువెంటస్ తన మాజీ మిడ్‌ఫీల్డర్ ఆండ్రియా పిర్లోని కోచ్‌గా తీసుకుంది. అప్పటికి ఆయన కోచ్‌గా ఒక్క మ్యాచ్ కూడా నడపలేదు. వరుసగా తొమ్మిదిసార్లు ఇటలీ లీగ్ గెలిచిన జట్టు ఆ ఏడాది నాలుగో స్థానంలో ఆగింది. ఇటలీ కప్ గెలిచినా 2021 మేలో ఆయన్ని తప్పించారు. అంత అందంగా పాస్‌లు ఇచ్చిన మనిషి కోచింగ్ కూడా అంతే అందంగా చేస్తాడని మనసు అనేసుకుంటుంది. థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1920లోనే ఈ అలవాటుని బయటపెట్టాడు. సైన్యంలో అధికారులు తమ కింది వాళ్ళకి మార్కులు వేసేటప్పుడు, ఒక గుణం బాగుందంటే మిగతావన్నీ బాగున్నట్టే వేస్తున్నారని గమనించాడు. కొత్త కోచ్ విషయంలో చూడ్డానికి పాత రికార్డు ఉండదు. ఆ ఖాళీని పేరుతోనో, భయంతోనో నింపేస్తాం.

నాకు అన్నిటికన్నా దగ్గరగా తగిలింది వేరే పరిశోధన. 1976లో రాబర్ట్ చల్డీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం అమెరికా యూనివర్సిటీల్లో విద్యార్థులని గమనించింది. వాళ్ళ ఫుట్‌బాల్ వేరు, అభిమానం మాత్రం ఒకటే. తమ జట్టు గెలిచిన వారాంతం తర్వాత సోమవారం కాలేజీ పేరున్న బట్టలు ఎక్కువగా వేసుకొచ్చారు. ఫోన్ చేసి మ్యాచ్ గురించి అడిగితే, గెలుపు చెప్పేటప్పుడు 'మేం' అనే మాట ఎక్కువ దొర్లింది, ఓటమి చెప్పేటప్పుడు తగ్గింది. తమ్ముడి మెసేజ్ మళ్ళీ తీసి చూశాను. "వీళ్ళు" అనే ఉంది. ఆర్సెనల్‌ని ఎప్పుడూ "మన టీమ్" అనే వాడు!

కోచ్‌ని మార్చేస్తే బాగుపడుతుందన్న ఆశకీ ఒక కారణం ఉంది. వరుస ఓటముల తర్వాత మారుస్తారు కాబట్టి, ఆ తర్వాత ఫలితాలు ఎలాగూ సగటు వైపు లేస్తాయి. బాస్ టెర్ వీల్ అనే ఆర్థికవేత్త 1986 నుంచి 2004 వరకు నెదర్లాండ్స్ లీగ్‌ని పరిశీలించి, కోచ్‌ని తీసేసిన జట్లని, అదే తీరున దిగజారినా తీసెయ్యని జట్లతో పోల్చాడు. రెండు రకాల జట్లూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. జ్వరం దానంతటదే తగ్గే రోజున వేసుకున్న మాత్రకి పేరొచ్చినట్టే.

మరి ఆ ఆగస్టులో గమనించాల్సింది ఏదైనా ఉందా? ఉంది. బ్రెంట్‌ఫర్డ్ తర్వాత చెల్సీ చేతిలో 0-2, మాంచెస్టర్ సిటీ చేతిలో 0-5. మూడు మ్యాచ్‌ల్లో ఒక్క గోలూ లేదు, పట్టికలో అట్టడుగు. కానీ అదే వేసవిలో క్లబ్ కొన్న ఆరుగురు, ఓడెగార్డ్, వైట్, రామ్స్‌డేల్, టొమియాసు, లొకోంగా, టవారెస్, అందరూ 23 ఏళ్ళు లేదా అంతకు లోపు వాళ్ళే. రేపటి మ్యాచ్ కోసం కాకుండా మూడేళ్ళ తర్వాత జట్టు కోసం కట్టుకున్నారని ఆ వయసులే చెప్పాయి. నేను వయసులు చూడలేదు, స్కోర్లు చూశాను. ఆ సీజన్‌లో అయిదో స్థానం, తర్వాత వరుసగా మూడేళ్ళు రెండో స్థానం.

సెప్టెంబర్ 11న నార్విచ్‌తో మ్యాచ్ మనకి రాత్రి ఏడున్నరకి. రామ్స్‌డేల్, టొమియాసు ఇద్దరికీ ఆర్సెనల్ తరఫున అదే మొదటి లీగ్ మ్యాచ్. 66వ నిమిషంలో ఒబామయాంగ్ ఒక గోల్ కొట్టాడు. 1-0, అంతే. తమ్ముడి మెసేజ్ వచ్చేసింది:

"మనం గెలిచాం అన్నా."